ప్రతి శనివారమూ తొలి పుట్టినరోజు

ప్రజలకు తెలియజేయునది ఏమనగా, కైమాలు బీచి ఇకమీదట ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకు మాత్రమే సముద్రతీరంగా పనిచేస్తుంది. చూడదలచినవారు ముప్పై రోజుల ముందు ఫోనులో చోటు బుక్ చేసుకోవాలి. మనిషికి రెండు గంటలు. వైలేహు జలపాతానికైతే నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో జలపాతంలో నీళ్లు లేకపోతే కౌంటీకి బాధ్యత లేదు. దీవిలో పుట్టి పెరిగినవారికి ఎలాంటి ఆంక్షలూ లేవు; వారు కూడా అందరిలాగే బుక్ చేసుకుంటే చాలు.

ఈ ప్రకటన రాసింది నేనే. నా పేరు క్లైడ్ నకషిమా. కౌంటీ, అంటే మా జిల్లా, పార్కుల శాఖలో, అనుమతుల కిటికీ వెనక ఇరవై రెండేళ్లుగా కూర్చుంటున్నాను. నా రాతలో తప్పు దొరకదని మా డైరెక్టరు ఫుర్టాడోగారు నలుగురి ముందూ మెచ్చుకుంటారు.

బుకింగు ఉదయం ఏడింటికి తెరుచుకుంటుంది, ఏడూ నాలుగుకల్లా నిండిపోతుంది. ఆ నాలుగు నిమిషాల్లో మా ఊరివాళ్లు హోటళ్లలో పక్కదుప్పట్లు మారుస్తూ ఉంటారు. అది వాళ్ల దురదృష్టమే తప్ప పద్ధతిలో లోపం కాదు.

కైమాలులో నాలుగు స్తంభాల రేకుల షెడ్డు ఒకటి ఉంది. ఆరేళ్ల కిందట కొండ పగిలి లావా దిగినప్పుడు నలభై ఇళ్లు, బడి మైదానం, పాత తెల్ల ఇసుక తీరం అన్నీ పోయాయి. లావా షెడ్డుదాకా వచ్చింది. మా పక్కింటి లుయీకా ఆంటీ దానికి ఎదురెళ్లి, ఆకుల్లో చుట్టిన చేమదుంప నేల మీద పెట్టి, అగ్నికొండ దేవతకు దండం పెట్టి, "పేలే తల్లీ, ఇటు రాకమ్మా, మా పిల్లల పుట్టినరోజులు ఇక్కడే చేసుకుంటాం" అని వేడుకుంది. లావా పక్కకు తిరిగి సముద్రంలో పడింది. అక్కడ కొత్తగా నల్ల ఇసుక తీరం ఏర్పడింది. వారం తిరక్కుండా కౌంటీవారు దాన్ని కనుగొన్నారు.

మా దగ్గర బిడ్డ తొలి పుట్టినరోజు పెళ్లికన్నా పెద్దది. పూర్వం ఓడలెక్కి వచ్చిన తట్టుకు పసివాళ్లు రాలిపోయిన రోజుల్లో, ఏడాది నిండిన బిడ్డ అంటే గండం గడిచిన బిడ్డ. తట్టు పోయింది. ఓడలు మిగిలాయి, వేడుకా మిగిలింది. ఆంటీ ఇంట్లో నాలుగు తరాలకు ఆ వేడుక ఆ షెడ్డులోనే జరిగింది. నాదీ అక్కడే జరిగింది.

ఆంటీ మనవడు నైనోవా పది వారాలు ముందే పుట్టాడు. విమానంలో హోనొలులు పెద్దాసుపత్రికి తీసుకెళ్లి గాజుపెట్టెలో పెట్టారు. డాక్టర్లు ఏ మాటా చెప్పలేకపోయారు. అప్పుడు ఆంటీ మొక్కుకుంది: వీడికి ఏడాది నిండితే కైమాలు షెడ్డులో, వచ్చినవాళ్లందరికీ, ఒక్కరినీ కాదనకుండా భోజనం పెడతానని. పిల్లాడు బతికాడు, బూరెబుగ్గలు కూడా వచ్చాయి. మొక్కు మిగిలింది.

ఈలోగా ఒక పొరపాటు జరిగింది. అదీ ఆంటీ చేసిందే. రెండేళ్ల కిందట మనవరాలి పుట్టినరోజు విందులో ఉండగా, జలపాతం దారి తప్పిన పర్యాటకులు, ఒహాయో నుంచి వచ్చిన దంపతులు, ఎండకు కందిపోయి షెడ్డు పక్కన దిక్కులు చూస్తూ నిలబడ్డారు. "ఏంటలా నిలబడ్డారు? రండి, తినండి!" అంది ఆంటీ. మా దీవిలో ఈ మాట అనకుండా ఉండగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు. వాళ్లు గోతిలో కాల్చిన పంది మాంసం చెరో రెండు పళ్లేలు తిన్నారు, మూడోది కట్టించుకున్నారు. ఇంటికెళ్లి ఇంటర్నెట్‌లో ఐదు నక్షత్రాలిచ్చి రాశారు: కైమాలు, రేకుల షెడ్డు, శనివారం, ఉచితం, వదులుకోకండి. పై శనివారం నలభై మంది వచ్చారు. ఆ పై శనివారం రెండు బస్సులు వచ్చాయి. అప్పుడు విందు చేస్తున్నవాళ్లు తమ వంతు కూడా వడ్డించేసి, ఇంటికెళ్లి డబ్బా మాంసం తెరుచుకున్నారు.

ఫుర్టాడోగారు ఇందులో గిరాకీని గుర్తించారు. షెడ్డుకు వేడుకల మంటపమని పేరు మార్చి, ప్రారంభోత్సవంలో ఇలా ప్రసంగించారు:

"సోదర సోదరీమణులారా! ఆప్యాయత మన సహజ వనరు. వనరును వృథాగా పోనివ్వడం మహాపరాధం. ఇన్నాళ్లూ మన ఆప్యాయత వేళాపాళా లేకుండా, ఎవరికి పడితే వారికి పారింది. నేటి నుంచి దానికొక వేళ, ఒక టిక్కెట్టు, చుట్టూ ఒక తాడు ఏర్పాటు చేశాం!"

జనం చప్పట్లు కొట్టారు. పిలిచింది అందుకే గనుక కొట్టక తప్పదు.

ఆ విధంగా ప్రతి శనివారం 'సిసలైన స్థానిక కుటుంబ విందు' మొదలైంది. నడిపే బాధ్యత ప్రధాన భూభాగం నుంచి వచ్చిన ఒక కంపెనీకి అప్పగించారు. సిసలైన కుటుంబంలో ప్రతి శనివారం ఎవరికో ఒకరికి ఏడాది నిండదని కంపెనీవారికి ఆలస్యంగా తెలిసింది. దాంతో బిడ్డను అద్దెకు తెచ్చారు. మొదటి బిడ్డ వరుసగా పదకొండు శనివారాలు ఏడాది నిండించుకుంది. పన్నెండో వారం నడక వచ్చేసి, కేకు వదిలి సముద్రం వైపు వెళ్లిపోవడంతో మార్చవలసి వచ్చింది.

జులైలో ఆంటీ నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఒరేయ్ క్లైడూ, ఆగస్టు రెండో శనివారం షెడ్డు మాకు రాసెయ్‌రా. నైనోవాకి ఏడాది."

"ఖాళీ లేదు ఆంటీ. శనివారాలన్నీ కంపెనీవే."

"ఆ రోజు ఏం చేస్తార్రా వాళ్లు?"

"పిల్లాడి తొలి పుట్టినరోజు."

"ఎవరి పిల్లాడిది?"

"ఇంకా ఖరారు కాలేదు."

ఆంటీ నా మొహంలోకి తేరిపార చూసింది. "నీ పుట్టినరోజుకి అక్కడ పంది గొయ్యి తవ్వింది మా ఆయన. నువ్వెళ్లి కేకు మీద కూర్చున్నావు. ఆ రోజు ఏ వెధవ అనుమతి తీసుకున్నాంరా?"

"గొయ్యికి ఇప్పుడు వేరే ఫారం ఉంది ఆంటీ."

"పోనీ ఆదివారం?"

"యోగా."

"సోమవారం?"

"సోమవారం మంటపానికి సెలవు."

ఆంటీ గొంతు తగ్గించింది. "బిడ్డ గాజుపెట్టెలో గొట్టాలతో ఉన్నప్పుడు మొక్కానురా. ఆ తల్లి లావానే పక్కకు తిప్పుకుంది నా మాట విని. ఇప్పుడు నేను మాట తప్పనా?"

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా ఇరవై రెండేళ్ల అనుభవం ఊరికే పోదు. ఇంకా ఖరారు కాని ఆ బిడ్డ స్థానంలో నైనోవాను ఖరారు చేయిస్తే ఆ శనివారం షెడ్డు ఆంటీకి దొరికినట్టేగా! కంపెనీవారు పిల్లాణ్ణి ఎత్తి చూశారు, బుగ్గ గిల్లి చూశారు, సిసలుగానే ఉన్నాడని తేల్చారు. ఒప్పందం నేనే రాశాను. "బిడ్డకు ఏడాది నిండుట కంపెనీ సంతృప్తి చెందువరకు కొనసాగును" అన్న వాక్యం అందులో ఉంది. ఒక్క అచ్చుతప్పు లేదు. ఆంటీ కళ్లద్దాలు లేకుండానే సంతకం పెట్టింది.

ఆ రోజు తాడు లోపల టిక్కెట్లున్న నూట ఇరవై మంది కూర్చున్నారు. రెండు రోజులు నిద్రలేకుండా వండిన మూడువందల మంది బంధువులు గిన్నెలు లోపలికి అందించి, టిక్కెట్టు లేనివారు గనుక బయట ఎండలో నిలబడ్డారు. బిడ్డ తల్లిని 'కళాకారిణి' కోటాలో, ఆంటీని మాంసం కోసే పనికి లోపలికి వదిలారు. చేమదుంపలన్నీ ఒంటిచేత్తో ఒలిచిన ఆంటీ అన్నగారు, ఎనభై ఏళ్ల కవీకా అంకుల్, చెప్పులు చేతపట్టుకుని తాడు అవతల ఉన్నాడు. టోపీ పెట్టుకున్న ఒకాయన ఆయన ఫొటో తీసుకున్నాడు.

సరిగ్గా రెండూ నలభైకి ఆంటీ అన్నగారిని చూసింది. మాంసం కోసే కత్తితోనే లేచి వచ్చింది. "నేను మొక్కిందేంటి, ఇక్కడ జరుగుతున్నదేంట్రా!" అని ఏడుస్తూ తాడు తెగ్గోసింది. "ఏంటలా నిలబడ్డారు? రండి, తినండి!"

మూడువందల మందీ లోపలికి వచ్చారు. టిక్కెట్లవాళ్లు జరిగి చోటిచ్చారు. కవీకా అంకుల్ నైనోవాను ఒళ్లో కూర్చోబెట్టుకుని చేమదుంప ముద్ద నాకించాడు. ఆంటీ ఒక్కరినీ వదలకుండా వడ్డించింది, నాతో సహా. ఉద్యోగం పోతుందని తెలుసు. పోతే పోనీ అనిపించింది. ఇరవై రెండేళ్లలో నేను అంత సంతోషంగా ఎప్పుడూ లేను.

సోమవారం ఫుర్టాడోగారు పిలిచారు. సంజాయిషీ జేబులో పెట్టుకుని వెళ్లాను. ఆయన కళ్లు చెమర్చి ఉన్నాయి. "నూట ఇరవై మందీ ఐదు నక్షత్రాలిచ్చారయ్యా క్లైడ్! అన్నిటికన్నా ఆ ముసలావిడ ఏడుస్తూ తాడు కోయడం బాగుందట!"

కావున ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ప్రతి శనివారం మధ్యాహ్నం రెండూ నలభైకి తాడు తెగ్గోయబడును. అందుకై ముప్పై మంది బంధువులు గంట ముందే వచ్చి ఎండలో నిలబడవలెను. ఆకలిగా కనిపించువారికి ప్రాధాన్యం. ఇదీ నేనే రాశాను.

ఒప్పందం వదలదు గనుక ఆంటీ ప్రతి శనివారమూ వచ్చింది. మొదటి రెండు వారాలూ ఆమెకు ఏడుపు దానంతటదే వచ్చింది. ఇప్పుడు ఉల్లిపాయ వాడుతోంది. ముసలావిడ ఏడిచే ముందు గడియారం చూసిందని పోయిన నెల ఎవరో మూడు నక్షత్రాలే ఇచ్చారు. హెచ్చరిక ఉత్తరం నా చేతి మీదుగానే వెళ్లింది. ఆ ఉత్తరం పట్టుకుని ఆంటీ కిటికీ దగ్గరికి వచ్చింది. కోప్పడలేదు. "వాడి రెండో పుట్టినరోజు ఎప్పుడు చేసుకోమంటావురా?" అని మాత్రం అడిగింది. ఖాళీ చూసి చెబుతానన్నాను.

మీరూ ఎప్పుడో ఒకసారి మా దీవికి వస్తారు. ఉదయం ఏడింటికే లేచి బుక్ చేసుకుంటారు, అంత అందమైన చోటు. కేకు వెనక పువ్వుల దండ వేసుకుని, అటూ ఇటూ పరిగెత్తే కుర్రాడొకడు కనిపిస్తాడు. వాడికి రెండున్నర దాటింది. వయసెంతరా బాబూ అని ముద్దుగా అడుగుతారు. వాడు ఒక వేలెత్తి "ఒకటి" అంటాడు. అందరూ చప్పట్లు కొడతారు. మీరూ కొడతారు.