గోవర్ధన్ గారి నెట్ రక్షణ మహోత్సవం

"ఇంట్లకు దొంగ వస్తే సామాను పోతది. నెట్‌లకు పరాయోడు వస్తే మర్యాద పోతది."

చిక్కడపల్లిలోని మా శ్రీనిధి నిలయం అపార్టుమెంటు సెల్లార్‌లో, రెండు స్కూటర్ల మధ్య నిలబడి సెక్రటరీ గోవర్ధన్ గారు చేసిన ప్రకటన ఇది. అందరం చప్పట్లు కొట్టాం. నేను కొంచెం గట్టిగానే కొట్టాను. నా బాధ నాది.

మా ఎనిమిది ఫ్లాట్లకూ కలిపి ఒకటే వైఫై. దాని పెట్టె కింద మెట్ల దగ్గర, వినాయకుడి గూడు పక్కన ఉంటుంది. నెల రోజులుగా పొద్దున్నే టీవీలో విష్ణు సహస్రనామం పెడితే, రెండు వందల నామాలు దాటగానే తెర మీద గుండ్రం తిరుగుతోంది. విష్ణుచక్రమే అనుకుని మా ఆవిడ వేదవతి దానికీ దండం పెడుతోంది. సగంలో ఆగిన నామాలకు సగం పుణ్యమైనా వస్తుందా అన్నది నా సందేహం.

"ఎవలో మన నెట్ వాడుతున్నరు," అన్నారు గోవర్ధన్ గారు.

"గోడ అవతల హాస్టలోళ్ళేమో," అంది మూడో అంతస్తు మనోరమ టీచర్. మా వెనుక గోడ దాటితే అశోక్ నగర్ సందు. సర్కారు కొలువుల పరీక్షలకు చదివే వాళ్ళ హాస్టల్ ఒకటి గోడకు ఆనుకునే ఉంది.

"గోడ దాటి నెట్ రాదు టీచర్. సైన్సు ఒప్పుకోదు. పాపం, వాళ్ళు చదువుకునే పిల్లలు," అని గోవర్ధన్ గారు వెంటనే వాచ్‌మన్ బుగ్గయ్య వైపు తిరిగారు. "పరాయోళ్ళు మన నడుమనే ఉన్నరు."

బుగ్గయ్యది మహబూబ్‌నగర్ వైపు. పదకొండేళ్ళుగా భార్యతో, కూతురు మనీషతో మా సెల్లార్ గదిలో ఉంటున్నాడు. మనీష కూడా సర్కారు కొలువుకే చదువుతోంది. పాస్‌వర్డ్ అడిగి మరీ తీసుకున్న మనిషి మా బిల్డింగులో ఆ పిల్ల ఒక్కతే. కాబట్టి ఆధారం దొరికినట్టే అయింది.

"బుగ్గయ్య మన మనిషే," అన్నారు గోవర్ధన్ గారు ఉదారంగా. "కాని మెంబర్ కాదు. నెట్ దగ్గర మెంబర్ కానోడు పరాయోడే. ఆదివారం నుంచి కొత్త పాస్‌వర్డ్. ఫ్లాటోళ్ళకు తప్ప బ్రహ్మకు గూడ చెప్పేది లేదు."

మనీష మెట్టు మీది నుంచి లేచింది. "అంకుల్, ఆదివారం పదింటికి నాకు పరీక్షుంది. మొదటి యాభై మందిల వస్తే కోచింగ్ ఫ్రీ. ఇంట్ల ఒక్కదాన్నే కూసొని కెమెరా ముంగట రాయాలె. మా గదిల ఫోన్ సిగ్నల్ రాదు, వైఫై ఒక్కటే దిక్కు. పదకొండు దాక పాతదే ఉంచుర్రి."

"ముహూర్తం తొమ్మిదింటికి పెట్టిన బిడ్డా. నీ కోసం నక్షత్రం ఆగుతదా?"

తీర్మానం మీద అందరూ సంతకాలు పెట్టారు. నేనూ పెట్టాను. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను కలం మూత కోసం వెతికాను.

ముహూర్తం అంటే నిజంగా ముహూర్తమే. మేం కొత్త బండి కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవాళ్ళం, పాస్‌వర్డ్‌ను ఊరికే వదులుతామా? ఆదివారం వైఫై పెట్టెకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. పక్కన దిష్టి గుమ్మడికాయ. మైకు లేని పూజ పూజే కాదని గోవర్ధన్ గారి సిద్ధాంతం, అందుకని రెండు సౌండు బాక్సులు. కొత్త పాస్‌వర్డ్ చీటీ దేవుడి ముందు తమలపాకులో మడిచి పెట్టారు. "పదమూడు అక్షరాలు. మనిషి ఊహకు అందదు," అన్నారు.

నెట్ కనెక్షన్ ఇచ్చిన వెంకటేశ్ అప్పుడే పాస్‌వర్డ్ మార్చి, ఎవరెవరి ఫోన్లు, టీవీలు నెట్‌లో ఉన్నాయో తన ఫోన్‌లో చూస్తున్నాడు. "సార్, ఇప్పుడు సున్నా," అన్నాడు. గోవర్ధన్ గారి కళ్ళు చెమర్చాయి.

పురోహితులు సుధీంద్ర గారు మైకు అందుకున్నారు. "సంకల్పం ఎవరి పేరున?"

"పాస్‌వర్డ్ పేరున," అన్నారు గోవర్ధన్ గారు.

సుధీంద్ర గారు నియమం తప్పే మనిషి కాదు. పేరు చెప్పకుండా సంకల్పం చేస్తే ఫలం ఎవరికి చేరుతుంది? చీటీ విప్పారు. కళ్ళజోడు సవరించుకున్నారు. మైకులో, నిదానంగా, స్పష్టంగా చదివారు.

"గోవర్ధన్. పక్కన సున్నలో ఎ. ఒకటి, రెండు, మూడు... నామధేయస్య."

గోడ అవతల హాస్టల్ బాల్కనీ లోంచి ఒక గొంతు వినిపించింది.

"పంతులు గారూ, జీ పెద్దదా, చిన్నదా?"

"పెద్దది నాయనా," అన్నారు సుధీంద్ర గారు, అదీ మైకులోనే. అడిగిన వాడికి చెప్పకపోవడం ఆయన వల్ల కాదు.

వెంకటేశ్ ఫోన్‌లో లెక్క లేచింది. మా ఎనిమిది ఫ్లాట్లవి పదహారు. సెల్లార్ గదిది ఒకటి. ఆ తర్వాత ముప్పై, యాభై, డెబ్బై ఒకటి.

"ఎవడ్రా వాడు?" అని గోవర్ధన్ గారు గోడ దగ్గరికి ఉరికారు. బాల్కనీలో ముప్పై ఏళ్ళ జైపాల్ పుస్తకం చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బెదరలేదు.

"నమస్తే గోవర్ధన్ సార్. పాస్‌వర్డ్ మారుస్తే మీ హాస్టలోళ్ళకు ముందుగాల చెప్పరా? తొమ్మిదింటి సంది పరేషాన్ అవుతున్నం. కిరాయిలనే వైఫై ఫ్రీ అని బోర్డు పెట్టింది మీరే గదా."

అందరం గోవర్ధన్ గారిని చూశాం. ఆయన గుమ్మడికాయను చూశారు.

"అంటే సైన్సు ఒప్పుకుందన్న మాట," అంది మనోరమ టీచర్.

అంతలో సెల్లార్ గదిలోంచి మనీష పరుగున వచ్చింది. గోడ గడియారంలో పదికి ఇంకా ఆరు నిమిషాలుంది. "అంకుల్, పేపర్ తెరుచుకుంటలేదు. గుండ్రం తిరుగుతున్నది."

మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. జైపాల్ మాత్రం, "ఏం పరీక్ష చెల్లె?" అని అడిగి, జవాబు వినగానే లోపలికి తిరిగి కేకేశాడు. "ఒక్క గంట అందరు వైఫై బంద్ చేయుర్రి. పక్క బిల్డింగుల చెల్లె పరీక్ష రాస్తున్నది."

వెంకటేశ్ లెక్క చదివాడు. "అరవై. నలభై మూడు. ఇరవై. పదిహేడు." అక్కడ ఆగింది. "హాస్టలోళ్ళు మొత్తం పోయిన్రు సార్. ఇగ ఉన్నయి మీ ఫ్లాట్లయే. ఇంకా జామే ఉంది."

"మా అల్లుడు మ్యాచ్ చూస్తున్నడు," అంది మనోరమ టీచర్. "నాది పూజ లైవ్ నడుస్తున్నది," అన్నారు గోవర్ధన్ గారు.

పై నుంచి మా టీవీలో సహస్రనామం కూడా వినబడుతోంది, ఆ వేళకు వేదవతి ఉండేది వంటింట్లోనే అయినా. సంతకం పెట్టిన చేత్తోనే వేదవతికి ఫోన్ చేశాను. "టీవీ బంద్ చెయ్యి."

"నామాలు నడిమిట్ల ఆపుతరా ఎవలన్న?"

"ఆపు. మిగిలినయి నేను నోటికి చదువుత."

నోటికి వచ్చిన స్తోత్రానికి ఇన్నాళ్ళూ నెట్ ఎందుకో నాకే తెలియలేదు. నా ఫోన్‌లోనూ వైఫై ఆపేశాను. పదిహేడు పదిహేనైంది. మనోరమ టీచర్ నన్ను ఒకసారి చూసి, అల్లుణ్ణి తిట్టుకుంటూ పైకి ఎక్కింది. ఆ వెనక మిగతా ఫ్లాట్ల వాళ్ళు. పది కావడానికి నిమిషం ముందు మనీష గదిలోంచి "తెరుచుకుంది" అన్న మాట వచ్చింది, తలుపు మూసుకుంది.

వెంకటేశ్ ఫోన్‌లో ఇక మూడే మిగిలాయి. ఒకటి మనీషది. రెండు గోవర్ధన్ గారివి.

ఇదంతా చూస్తూ గేటు దగ్గర నిలబడ్డ బుగ్గయ్య చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. పాపం, ఏ డ్యూటీ చెప్పినా తప్పకుండా చేసే మనిషి.

"సార్, పరాయోళ్ళను లోపలికి రానీయొద్దని చెప్తిరి గదా. జర ఇప్పుడన్న చెప్పుర్రి, పరాయోళ్ళంటే ఎవలు సార్?"