తలుపు దగ్గరి చప్పట్లు

ఆ శనివారం ఉదయం మేవిస్ ట్రెంబాత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి చర్చి తలుపు తీయాలి. కుర్చీలకు నంబర్లు అంటించాలి. పదకొండింటికి నలుగురు తీగవాద్యాల వాళ్లు కచేరీ మొదలుపెట్టాక ఎవరూ దగ్గకుండా, లేవకుండా, ముఖ్యంగా చప్పట్లు కొట్టకుండా చూడాలి. మధ్యాహ్నం ఉన్ని కత్తిరించే షెడ్డులో జాజ్. అక్కడ ఎవరేం చేసుకున్నా ఆవిడకు పట్టదు.

మాకు జనవరి అంటే నడివేసవి. ఆ నెలలో జరిగే మా వాటిల్‌బ్యాంక్ సంగీతోత్సవంలో ఈ తేడా పసిపిల్లలకు కూడా తెలుసు. జాజ్‌లో ఒకడు తన వంతు ఊది వాద్యం దించగానే చప్పట్లు పడకపోతే మొహం మాడ్చుకుంటాడు. శాస్త్రీయ కచేరీలో నాలుగు భాగాలూ పూర్తయ్యేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. భాగానికీ భాగానికీ మధ్య నిశ్శబ్దంలో కొట్టినవాణ్ణి మా ఊరు పదేళ్లు గుర్తుపెట్టుకుంటుంది.

నిరుడు ఎవరో కొట్టారు. ఒకసారి కాదు, మూడుసార్లు, అదీ రేడియోవాళ్లు రికార్డు చేస్తుండగా. ఎవరో తేలలేదు. కమిటీ మాత్రం మేవిస్‌ను కడిగి పారేసింది, పందొమ్మిదేళ్లుగా ద్వారం దగ్గర పెత్తనం ఆవిడదే కాబట్టి. ఈసారి ఒక్క చప్పుడు వినిపించినా ఆవిడ నీలం బ్యాడ్జి తీసి గ్లెనిస్‌కు ఇచ్చేస్తామన్నారు. గ్లెనిస్ ఎవరో పరాయిది కాదు, మేవిస్‌కు స్వయానా ఆడపడుచు. మేవిస్‌కు నిద్రపట్టనివ్వని సంగతి అదే.

మొగుడు డెస్‌ను వెంటబెట్టుకుని చర్చి దగ్గరికి వచ్చేసరికి పక్క తలుపు అప్పటికే తెరిచి ఉంది. మేవిస్ కిటికీలోంచి తొంగి చూసింది.

"డెస్, ఇలా రా. లోపల ఒకాయన చప్పట్లు కొడుతున్నాడు."

"కొట్టుకోనీ. ఏదో నచ్చుంటుంది."

"ఎవరూ వాయించట్లేదు. చర్చంతా ఖాళీ."

గోధుమరంగు టోపీ పెట్టుకున్న సన్నపాటి మనిషి. వేదిక ముందు నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టాడు, చెవి ఒగ్గి విన్నాడు, చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. స్తంభం పక్కకు వెళ్లి మళ్లీ కొట్టాడు, మళ్లీ రాసుకున్నాడు. చివరికి తలుపు దగ్గరికొచ్చి కొట్టి, తృప్తిగా తలాడించాడు. మేవిస్ గబగబా పక్క తలుపు దగ్గరికి వెళ్లింది.

"ఏం చేస్తున్నారు ఇక్కడ?" అంటూ లోపలికి నడిచింది.

ఆయన గబుక్కున పుస్తకం మూసేశాడు. "ఏం లేదండీ. ఎక్కడ కొడితే బాగా వినిపిస్తుందో చూస్తున్నా. తలుపు దగ్గరైతే బ్రహ్మాండంగా ఉంది. నా పేరు లైల్. టికెట్ కూడా ఉంది, చూడండి."

ఆయన బయటికి వెళ్లగానే మేవిస్ మొగుడి వైపు తిరిగింది. "నిరుడు కొట్టింది ఈయనే. ఈ ఏడు సాధన చేసుకుని మరీ వచ్చాడు." అంటూనే డెస్ బట్టతల మీద వాలిన జోరీగను చేతిలోని కార్యక్రమాల పత్రికతో ఠపీమని కొట్టింది.

డెస్ తల తడుముకున్నాడు. నిరుడు చర్చి పక్కన గుర్రాల దొడ్డి వెలిసినప్పటి నుంచి ఆయన తలకు సుఖం లేదు.

అనుమానం అక్కడితో ఆగలేదు. పదింటికి టీ డేరాలో ఆ లైల్, గ్లెనిస్‌తో నవ్వుతూ కబుర్లు చెబుతూ కనిపించాడు. ఆయన అవతలికి వెళ్లేదాకా కాచుకుని మేవిస్ ఆడపడుచును నిలదీసింది.

"ఏమంటున్నాడు?"

"మంచాయనే. అన్నీ అడిగాడు. నిరుడు తలుపు దగ్గర ఎవరు నిలబడ్డారని కూడా."

"నువ్వేం చెప్పావ్?"

"నువ్వేనని చెప్పా. ఉన్నమాటేగా."

మేవిస్‌కు అంతా అర్థమైపోయింది. ఈ మనిషిని పిలిపించింది గ్లెనిస్. చప్పట్లు ఆయనవి, బ్యాడ్జి ఈవిడది. పందొమ్మిదేళ్ల పదవి తన చేతుల్లోంచి జారిపోతుంటే ఆవిడకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ ఏడిస్తే కుర్చీలకు నంబర్లు ఎవరంటిస్తారు?

ముందు లైల్ సీటు తలుపు దగ్గర్నుంచి సరిగ్గా మధ్యకు మార్చింది. పక్కన డెస్‌ను కూర్చోబెట్టి, "చెయ్యి లేచిందా, పట్టేసుకో" అని చెవిలో చెప్పింది. అయినా ధైర్యం చాలలేదు. కచేరీకి వచ్చే ప్రతి ఇంటివాళ్లూ ఒక పళ్లెం నిండా ఏదో ఒకటి చేసుకురావడం మా ఆనవాయితీ. ఆరోజు బల్ల మీద అన్నిటికన్నా పెద్దది గ్లెనిస్ తెచ్చిన పావ్లోవా. గుడ్డు తెల్లసొన నురుగును పెళుసుగా కాల్చి, పైన మీగడ, స్ట్రాబెర్రీలు పరిచిన కేకు. మేవిస్ దాన్ని ఎత్తుకొచ్చి లైల్ ఒళ్లో పెట్టింది.

"ఇది కాస్త పట్టుకోరూ? బయట చీమలు. రెండు చేతులతో పట్టుకోవాలి, ఒరిగితే పగులుతుంది."

"కచేరీ అంతసేపూనా?"

"అందరూ తలో చెయ్యీ వేస్తేనే ఉత్సవం కదండీ."

సరిగ్గా లైల్ ముందు కుర్చీలో తెల్లగౌను వేసుకుని కూర్చున్న గ్లెనిస్ వెనక్కి తిరిగి తన పావ్లోవాను పోల్చుకుంది. నోరు తెరిచేలోపు వాయులీనాలు మొదలయ్యాయి.

మొదటి భాగం ముగిసింది. నిశ్శబ్దం. లైల్ చేతులు పళ్లెం మీదే ఉన్నాయి. రెండో భాగం ముగిసింది. నలభై డిగ్రీల ఎండకు మీగడ కరిగి ఆయన మోకాళ్ల మీదికి కారుతోంది, పాపం తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. తలుపు దగ్గర నిలబడిన మేవిస్ ఆయన వీపు మీంచి చూపు తిప్పలేదు. మూడో భాగం మెల్లగా, దారంలా సన్నబడి ఆగిపోయింది. చర్చిలో ఊపిరి చప్పుడు కూడా లేదు.

ఠప్.

లైల్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. డెస్ ఆయన మణికట్టు పట్టుకున్నాడు. పావ్లోవా పళ్లెం వదిలి లేచి, గ్లెనిస్ తల మీద బోర్లా పడింది. గ్లెనిస్ కెవ్వుమని లేచి నిలబడింది. చప్పట్లు విని, ఒకావిడ లేచి నిలబడడం చూసి, కచేరీ అయిపోయిందనుకుని జనమంతా లేచి చప్పట్లు మొదలుపెట్టారు. వాయులీనం పెద్దాయన బిత్తరపోయి, మర్యాద కొద్దీ వంగి నమస్కరించాడు. నాలుగో భాగం అలాగే ఉండిపోయింది.

మేవిస్ పరుగున వచ్చింది. "పట్టుకున్నావా డెస్?"

"పట్టుకున్నా. కానీ ఈయన రెండు చేతులూ పళ్లెం మీదే ఉన్నాయి మేవిస్."

లైల్ మోకాళ్లు తుడుచుకుంటూ మొహమాటంగా అన్నాడు. "నన్ను రేడియోవాళ్లు పంపారండీ. నిరుటి చప్పట్లు ఎవరివో మెల్లగా, ఎవరి మనసూ నొప్పించకుండా కనుక్కురమ్మన్నారు. రికార్డింగును బట్టి అది తలుపు దగ్గరి చప్పుడు. ఇప్పుడు విన్నదీ అదే."

అందరూ తలుపు వైపు చూశారు. అక్కడ ఎవరూ లేరు. అక్కడుండాల్సిన మనిషి ఇక్కడ నిలబడి ఉంది. ఆవిడ ఎడమచేతి మీద చదునైపోయిన జోరీగ ఉంది, కుడిచేతిలో మడతపెట్టిన కార్యక్రమాల పత్రిక ఉంది. మేవిస్ కూడా ఆ జోరీగను అప్పుడే చూసింది. సిగ్గుతో ఆవిడ మెడ దాకా ఎర్రబడిపోయింది. బ్యాడ్జి విప్పి, జుట్టంతా మీగడతో నిలబడ్డ ఆడపడుచు గౌనుకు తనే గుచ్చింది.

"పోనీలే మేవిస్" అంది గ్లెనిస్, నుదుటి మీది స్ట్రాబెర్రీ తీసి తింటూ. "పావ్లోవా బాగానే కుదిరింది."

మధ్యాహ్నం మేవిస్ షెడ్డులో వెనకాల ఉన్నిమూట మీద, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది. శాక్సోఫోన్ ఆయన కళ్లు మూసుకుని పది నిమిషాలు ఊది ఆపాడు. ఎండకు సొమ్మసిల్లిన జనంలో చలనం లేదు. ఆయన మొహం మాడిపోతోంది. సరిగ్గా అప్పుడే పక్కన కూర్చున్న డెస్ తల మీద ఒక జోరీగ వాలింది. మేవిస్ ఓర్చుకుంది. ఇంకాస్త ఓర్చుకుంది. ఇక తన వల్ల కాలేదు.

ఠప్.

షెడ్డంతా ఉలిక్కిపడి లేచి చప్పట్లతో హోరెత్తిపోయింది. శాక్సోఫోన్ ఆయన టోపీ తీసి మేవిస్‌కు వంగి నమస్కరించాడు. "ఈ ఊళ్లో జాజ్ తెలిసిన మనిషి మీరొక్కరేనండీ" అన్నాడు మైకులో. కమిటీ ఆ సాయంత్రమే సమావేశమై, వచ్చే ఏడు నుంచి షెడ్డు పెత్తనం మేవిస్‌దేనని తీర్మానించి ఎర్ర బ్యాడ్జి ఇచ్చింది.

డెస్ సోమవారం పట్నం వెళ్లి మందపాటి టోపీ ఒకటి కొనుక్కున్నాడు.