ఉప ఎన్నిక కురిసిన ఎండాకాలం

ఎన్నికలు దేశానికి దండగ అనేవాళ్లు ఒక్క ఎండాకాలం సుద్దగుట్టపల్లిలో కాపురం చేసి చూడాలి. ఆ తర్వాత కూడా అదే మాట అంటే అప్పుడు వాళ్లతో వాదిద్దాం!

అనంతపురం జిల్లాలో మబ్బు అనేది చూసుకోవడానికి మాత్రమే. నైరుతి అని ఒకటి, ఈశాన్యం అని ఇంకొకటి ఉన్నాయని వార్తల్లో చెబుతారు. అవి ఎక్కడెక్కడో కురిసి, అలసిపోయి, ఈ ఊరి మీదుగా ఒట్టి చేతులతో వెళ్లిపోతాయి. సుద్దగుట్టపల్లికి నమ్మకంగా నీళ్లు తెచ్చే కాలం ఒక్కటే ఉంది. మిగతా దేశం దాన్ని ఎన్నికలంటుంది.

ఈ సంగతి ఊళ్లో అందరికంటే బాగా తెలిసిన మనిషి నల్లమ్మ. ఆమె ఎనిమిదో వార్డు మెంబరు. అదేదో పెద్ద పదవనుకునేరు! వీధి కొళాయి ఎండిపోతే జనానికి ప్రభుత్వాన్ని తిట్టాలనిపిస్తుంది. ప్రభుత్వం దూరంగా ఉంటుంది కాబట్టి దగ్గర్లో ఉన్న నల్లమ్మను తిడతారు. అంతే ఆ పదవి.

శివరాత్రికి ముందే ఎండలు ముదిరిన రోజుల్లో, అనంతపురం నుంచి ఒక లెక్చరర్ వచ్చి బడి వరండాలో మీటింగు పెట్టాడు. జమిలి ఎన్నికల మీద అవగాహన సదస్సు. దేశమంతా ఒకేసారి ఓటేస్తే ఎంత ఖర్చు తగ్గుతుందో, ఎంతమంది టీచర్లకు డ్యూటీల బాధ తప్పుతుందో చక్కగా వివరించాడు.

“అయిదేళ్లకోసారి అన్నీ కలిపి అయిపోతాయి. మళ్లీ అయిదేళ్లు ప్రశాంతం!” అన్నాడు.

నల్లమ్మ లేచి నిలబడింది.

“సార్, మా ఊరికి ట్యాంకరు వచ్చేదే ఎలక్షన్లకు. పార్లమెంటుకూ అసెంబ్లీకీ మన రాష్ట్రంలో ఎప్పట్నుంచో కలిపే పెడతాండారు. అట్ల ఒక ట్యాంకరు పోగొట్టుకున్నాం. ఇప్పుడు పంచాయతీ కూడా కలిపేస్తే మేం ఏం తాగల్ల సార్, మీ ప్రశాంతం తాగల్లా?”

వరండా అంతా గొల్లుమంది. లెక్చరర్ కూడా నవ్వి, పల్లె జనం అమాయకత్వానికి ముచ్చటపడుతూ కారెక్కాడు.

నల్లమ్మ మాత్రం నవ్వలేదు. అసలు ఎండలు ఇంకా ముందున్నాయి. ఓట్ల కాలం కనుచూపు మేరలో లేదు. వాన కోసం జనం కప్పలకు పెళ్లి చేస్తారు కదా? నల్లమ్మ ఎన్నిక కోసం రాజీనామా చేసింది!

భర్త తిప్పయ్య గొర్రెలు తోలుకుని ఇంటికొచ్చేసరికి ఆమె మాజీ మెంబరు అయిపోయి, అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది.

“ఏమే, మతి పోయిందా నీకు? ఉండే పదవి యాడన్నా పారేసుకుంటారా?”

“పదవి ఉంటే నీళ్లు రాలే. పోతే వస్తాయేమో చూస్తాండా.”

తిప్పయ్య తిరిగి చూశాడు. వెనకాల గొర్రెలు నాలుకలు బయటపెట్టి నిలబడ్డాయి. “సరే, వచ్చేటప్పుడు వీటికి కూడా ఒక తొట్టి నింపమని చెప్పు,” అన్నాడు.

ఉప ఎన్నిక నోటిఫికేషన్ వచ్చింది. నల్లమ్మ బిందెలన్నీ చింతపండు పెట్టి తోమింది. అయితే ప్రజాస్వామ్యానికి ఒక గండం ఉంటుందని ఆమె మరిచిపోయింది. దాని పేరు ఏకగ్రీవం!

ఊళ్లో ఒక వర్గానికి రంగన్న పెద్ద, రెండో వర్గానికి కొండప్ప. ఒకడు వస్తున్నాడంటే ఇంకొకడు సందు మారిపోతాడు. అలాంటివాళ్లు ఒకే మోటారు సైకిలు మీద నల్లమ్మ ఇంటికి వచ్చారు.

“అక్కా, ఇంత చిన్న వార్డుకు పోటీ ఎందుకు? మళ్లీ నువ్వే ఉండు. మేమిద్దరం ఒప్పుకున్నాం,” అన్నాడు రంగన్న.

“ఏకగ్రీవమైతే ఊరికి మంచి పేరు గదక్కా,” అన్నాడు కొండప్ప.

పోటీ లేకపోతే ఎన్నిక లేదు. ఎన్నిక లేకపోతే ట్యాంకరు లేదు. మరి రాజీనామా చేసి సాధించిందేమిటి? పోయిన పదవి తిరిగొచ్చి నెత్తిన కూర్చోవడమా?

వాళ్లకు మజ్జిగ ఇచ్చి పంపించి, ఆమె పక్కింటికి పరిగెత్తింది. అక్కడ అమీనాబీ మిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టు కుడుతోంది. నల్లమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచీ వాళ్లిద్దరికీ మధ్య ఒకటే గోడ, ఇద్దరికీ ఒకటే కొళాయి.

“అమీనక్కా, నువ్వు నా మీద ఎలక్షన్లో నిలబడల్ల.”

“నీ మీద నేనెందుకు నిలబడతానే? నువ్వు నాకేం చేసినావు?”

“ఏమీ చేయలే. అందుకే నిలబడు. నల్లమ్మ ఏమీ చేయలేదని వీధి వీధి తిరిగి చెప్పు. నువ్వెంత గట్టిగా తిడితే మనకన్ని నీళ్లు.”

అమీనాబీ మిషను ఆపింది. మూలన బోర్లించిన బిందెల వైపు చూసింది.

“యా అల్లా! నీళ్ల కోసం నిన్ను తిట్టల్లా? సరే, పద.”

ఇక చూడండి సంబరం! రెండో నామినేషన్ పడిందని తెలియగానే నల్లమ్మ తన అభ్యర్థి అన్నాడు రంగన్న. రంగన్న అన్నాడు కాబట్టి అమీనాబీ కొండప్ప అభ్యర్థి అయిపోయింది. ఎనిమిదో వార్డు ఉప ఎన్నిక రాబోయే పార్లమెంటు ఎన్నికలకు సెమీఫైనల్ అని ఇద్దరూ మైకుల్లో ప్రకటించారు. ఢిల్లీలో ఎవరు కూర్చోవాలో సుద్దగుట్టపల్లి బడి వెనక వీధి తేల్చేస్తుందట!

పొద్దున రంగన్న ట్యాంకరు. సాయంత్రం కొండప్ప ట్యాంకరు, అదీ బుక్కరాయసముద్రం నుంచి ప్రత్యేకంగా తెప్పించిన పెద్దది. రంగన్న మనుషులు బిందెలు గడప దాకా మోస్తే, కొండప్ప మనుషులు పొయ్యి దాకా మోశారు. ముసలివాళ్లు రెండు పూటలా స్నానాలు చేసి జలుబు తెచ్చుకున్నారు. తిప్పయ్య మందను కడిగితే, అన్నేళ్లుగా మట్టిరంగనుకున్న పొట్టేలు తెల్లదని తేలింది!

పక్క వార్డువాళ్లు గట్టు మీద నిలబడి చూసి, “మా మెంబరు గుండ్రాయి మాదిరి ఉండాడప్పా, మా ఖర్మ!” అని నిట్టూర్చారు.

అభ్యర్థులిద్దరూ గోడకు అటూ ఇటూ నిలబడి పొద్దున్నే తిట్టుకునేవారు. జనం పోగయ్యేదాకా తిట్టుకుని, జనం పోయాక గోడ మీదుగా చట్నీ గిన్నె మార్చుకునేవారు. ఇంత ఆరోగ్యకరమైన పోటీ మన చట్టసభల్లోనైనా ఉందా?

ప్రచారం చివరి సాయంత్రం కొండప్ప అమీనాబీ చేతికి మైకు ఇచ్చాడు. ఆమె ఎప్పుడూ మైకు పట్టుకున్న మనిషి కాదు. మొదట దాన్ని నోటికి దూరంగా పట్టుకుంది. తర్వాత దగ్గరికి లాక్కుంది.

“నల్లమ్మ మెంబరైనంక ఒక్క బిందె నీళ్లు తెప్పించిందా ఈ వీధికి? నా కోడలు నిండు నెలలతో తోటల కాడికి పోయి నీళ్లు మోసె. దోవలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకునె. నల్లమ్మ కండ్లారా చూసె. ఏం చేసె?”

జనం చప్పట్లు కొట్టారు. అమీనాబీ మాత్రం మైకు పట్టుకుని అట్లే నిలబడిపోయింది. ఇది వాళ్లిద్దరూ అనుకున్న తిట్లలో లేదు.

మరునాడు పొద్దున గోడ ఇవతల నల్లమ్మ నోరు తెరవలేదు. తిట్టుకు తిట్టు బదులివ్వవచ్చు. నిజమైన మాటకు ఏమని బదులిస్తుంది? చట్నీ గిన్నె గోడ మీదే ఎండిపోయింది.

పోలింగు రోజు నల్లమ్మ బ్యాలెట్ కాగితం పరుచుకుని తన గుర్తునూ, అమీనాబీ గుర్తునూ చూసింది. ఆ కోడలు పడిన చోటు గుర్తొచ్చింది. అమీనాబీ గుర్తు మీద ముద్ర గుద్ది, మడిచి, పెట్టెలో వేసి వచ్చింది.

అమీనాబీ ఒక్క ఓటు తేడాతో గెలిచింది. రంగన్న తిప్పయ్యను అనుమానించాడు.

ఫలితం చెప్పే వేళకు ట్యాంకరు వీధిలోనే ఉంది. డ్రైవరు ఫోనులో “అయిపాయనా? సరే,” అని, పైపు చుట్టేసుకుని బండి తిప్పాడు. వరుసలో ఉన్న బిందెలు కొన్ని సగం నిండాయి, కొన్ని ఎదురుచూస్తూనే ఉన్నాయి.

గెలిచిన మనిషి మెడలో దండ తీసేసి గోడ దగ్గరికి వచ్చింది.

“నల్లమ్మా, మైకులో నోరు జారినా.”

“జారలేదక్కా. నన్ను అడగాల్సిందే అడిగినావు. నేనే ఎవుర్నీ ఆ మాదిరి అడగలే. పొద్దున్నే మండలాఫీసుకు పోదాం, పా.”

ఆ ఆఫీసులో నీళ్ల ఇంజనీరు మర్యాదస్తుడు. ఇద్దరికీ కుర్చీలు వేయించాడు. ఫైలు తెరిచి, నొచ్చుకుంటూ చెప్పాడు.

“మీ వార్డుకు కొత్త పైపులైను మంజూరైందమ్మా. గుంతలు తవ్వడమే తరువాయి. ఇంతలో మీ మెంబరెవరో రాజీనామా చేసిందట! ఎన్నికల కోడ్ వచ్చె. కోడ్ ఉంటే కొత్త పని మొదలుపెట్టకూడదు. కోడ్ ఎత్తేసేసరికి గడువు దాటిపాయ. రద్దు చేసినారు.”

నల్లమ్మ నేల వైపు చూసింది. అమీనాబీయే ముందుకు జరిగింది.

“ఎలక్షన్లు లేనప్పుడు ఎందుకు ఎయ్యలేదు సార్?”

“అప్పుడు మంజూరు లేదమ్మా.”

“ఎలక్షన్లప్పుడు?”

“కోడ్ కదమ్మా.”

“ఇప్పుడు?”

“మళ్లీ మొదట్నుంచీ పంపాల. పెద్ద ఎన్నికల లోపల ఎవరో ఒకరు పట్టించుకుంటారులే.”

పాపం, ఎండన పడి వచ్చారని ఇంజనీరు ఫ్రిజ్‌ లోంచి సీసా తీసి స్వయంగా రెండు గ్లాసుల్లో పోశాడు. గ్లాసుల మీద చెమట పట్టింది. నల్లమ్మ గ్లాసు చేతిలోకి తీసుకుంది గానీ, నోటిదాకా తీసుకెళ్లలేదు.

“తాగమ్మా, మంచినీళ్లే,” అన్నాడు ఇంజనీరు.

“తాగుతా సార్,” అంది నల్లమ్మ. “ఈ నీళ్లు మీకు ఏ ఎలక్షన్లకు వచ్చినాయో చెప్తే, తాగుతా.”