ఇసుర్రాయి ఫైసలా

ఆ పొద్దున గ్రామసేవిక సుమిత్ర వేసుకున్న పథకం చిన్నదే. మధ్యాహ్నం జహీరాబాదు నుంచి బీడీవో మదన్‌మోహన్‌గారి జీపు వచ్చేలోగా మహాదేవమ్మనూ, ఆమె తోడికోడలు నారమ్మనూ మహిళా మండలి అరుగు మీద పక్కపక్కన కూర్చోబెట్టాలి. వాళ్లు వస్తేనే మిగతా ఆడవాళ్లు వస్తారు. ఎవరూ రాకపోతే సుమిత్ర కొత్త ఉద్యోగం ఊడుతుంది.

తోడికోడళ్లకు మాటల్లేవు. వేరుపడ్డప్పుడు అత్తగారి ఇసుర్రాయిని కూడా పంచుకున్నారు. పైరాయి మహాదేవమ్మకు, కిందిరాయి నారమ్మకు. పంపకమంటే పంపకమే మరి! అప్పటినుంచి ఇద్దరూ జొన్నలు పిండి గిర్నీకి మోస్తున్నారు.

సుమిత్ర ముందు మహాదేవమ్మ ఇంటికి వెళ్లింది. శిక్షణలో ఆమెకు నేర్పింది ఒకటే. సలహా ఇవ్వకు, అడ్డు రాకు, ఎదుటివారి బాధ విని వారి మాటే వారికి తిరిగి చెప్పు.

"కిందిరాయి గూడ నాదేనమ్మా. అత్త నాకే ఇస్తనన్నది," అంది మహాదేవమ్మ.

"కిందిరాయి గూడ మీదే. అత్త మీకే ఇస్తనన్నది," అంది సుమిత్ర, ఎంతో జాలిగా.

తర్వాత నారమ్మ ఇంటికి వెళ్లి, పైరాయి కూడా తనదేనన్న ఆమె మాటనూ అంతే జాలిగా తిరిగి చెప్పింది.

పాపం, ఆ ఊరి సంగతి ఆమెకు తెలియదు. వెనకటికి కచేరీలో తహసీల్దారు మన మాటను పైకి తిరిగి చెప్పాడంటే తీర్పు వచ్చినట్టే, ఫైసలా అయినట్టే. కాసేపటికే మహాదేవమ్మ నారమ్మ ఇంట్లో దూరి కిందిరాయి ఎత్తుకుంది. ఆ సమయానికి నారమ్మ మహాదేవమ్మ ఇంట్లో పైరాయి ఎత్తుకుంటోంది. ఇద్దరూ గల్లీలో ఎదురుపడ్డారు.

"ఏందే నారీ, నా రాయి ఎటు కొంటవోతున్నవ్?"

"నీదెట్లయితది? సేవికమ్మ నాకు ఫైసలా చేసింది!"

"నాకు గూడ చేసింది!"

రాళ్లతో సహా మండలి మీదికి దండెత్తారు. తిట్టడానికి చేతులు ఖాళీ కావాలి గనుక కిందిరాయి అరుగు మీద దింపారు, కోపంలో చూసుకోకుండా పైరాయి దాని మీదే పెట్టారు.

"ఇద్దరికి రెండు ఫైసలాలు చేస్తవా? గిట్లనేనా మీకు నేర్పింది?" అని విరుచుకుపడింది మహాదేవమ్మ.

సుమిత్ర బావురుమంది. "నా నౌకరి పోతదమ్మా!"

ఏడ్చే పిల్లను ఎవరు మాత్రం తిడతారు? నారమ్మ మెత్తబడింది. "ఏడ్వకు బిడ్డా, జర కూసో. పొద్దటి నుంచి ఏమన్న తిన్నవా? అక్కా, జొన్నలు తేరాదు, రొట్టె చేద్దం."

'అక్కా' అన్న పిలుపు విని ఎన్నాళ్లయిందో, మహాదేవమ్మ పరుగున చేటెడు జొన్నలు తెచ్చింది.

"ఇగ చెప్పు బిడ్డా," అని ఇద్దరూ విసరడం మొదలుపెట్టారు. సుమిత్ర నాన్న కోపం, హాస్టల్లో నీళ్ల పప్పు, బీడీవోగారి మీసాలు, అన్నీ చెప్పుకుంది. వాళ్లు సలహా ఇవ్వలేదు, అడ్డు రాలేదు. వింత చూడవచ్చిన ఆడవాళ్లతో అరుగు నిండిపోయింది.

జీపు దిగిన మదన్‌మోహన్‌గారు నిండిన అరుగు చూసి మురిసిపోయి, ఉద్యోగం ఖాయం చేశారు. కాకపోతే ఆయన ఉన్నంతసేపూ సుమిత్ర ఒక్కతే మాట్లాడుతోందట. అందుకని వచ్చే నెల ఆమెను మళ్లీ శిక్షణకు పంపారు, వినడం నేర్చుకురమ్మని.