రసీదుకొక గుడ్డు

తైవాన్‌లోని తైనాన్ నగరం మొత్తం మీద టీ గుడ్డు తినడం మానేసినా కొనడం మాత్రం మానని వీధి మాదొక్కటేనని సవినయంగా తెలియజేస్తున్నాం.

దీనికి మూలం ప్రభుత్వంవారి దూరదృష్టి. దుకాణదారులు అమ్మకాలు దాచి పన్ను ఎగ్గొడుతుంటే, వాళ్ల వెనక అధికారుల్ని తిప్పడం దండగని, ప్రతి రసీదు మీదా ఒక లాటరీ నెంబరు అచ్చు వేయించారు. రెండు నెలలకోసారి డ్రా. అప్పటినుంచి కొన్నవాడే రసీదు కోసం అమ్మేవాడి చొక్కా పట్టుకుంటున్నాడు. బహుమతి ఉంటే నిజాయితీ ఎవరికైనా అబ్బుతుందని రుజువైంది.

లై బావో-చూ బట్టలమిల్లు క్యాంటీన్లో సగం జీవితం వంట చేసింది. మిల్లు మూతపడ్డప్పుడు చేతికొచ్చిన డబ్బంతా పోసి సోయా పాల దుకాణం తెరిచింది. ఇది మునిగితే మరో ఆధారం లేదు. రోజూ తెల్లారకముందే నానిన గింజల్ని రుబ్బి, గుడ్డలో పిండి, అడుగంటకుండా కాచేది. పక్క పొయ్యి మీద టీ ఆకులూ సోయా సాసూ వేసిన నీళ్లలో గుడ్లు ఉడికేవి. ఆ పాలు తాగి మెచ్చుకోనివాడు లేడు. మెచ్చుకుని, మర్నాటినుంచి ఎదురుగా ఉన్న అద్దాల తలుపుల పెద్ద కొట్టుకి వెళ్లి అట్టడబ్బాలో పాలు కొనుక్కునేవాళ్లు. అక్కడ రసీదిస్తారు. చిన్న దుకాణాలు రసీదులివ్వనక్కర్లేదని చట్టం కరుణించింది. ఆ కరుణే ఆమె కొంప ముంచింది.

"పాలు అమృతమే చెల్లెమ్మా, కాదన్నదెవరు?" అన్నాడు రిటైరైన లెక్కల మాస్టారు వెన్-షియుంగ్. "తాగాక చేతిలో ఏం మిగిలిందంటావు? ఖాళీ గ్లాసు."

బావో-చూ పన్నుల కార్యాలయానికి వెళ్లి, తాను కూడా రసీదులిచ్చి పన్ను కడతానని మనవి చేసుకుంది. గుమస్తాలు తలలెత్తి చూశారు. షెన్ అనే అధికారి కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"ముందు కూర్చోండమ్మా. మంచినీళ్లు తాగండి. ఇంట్లో ఎవరితోనైనా మాటామాటా వచ్చిందా?"

ఏ ఒత్తిడీ లేకుండా, స్పృహలో ఉండే అడుగుతున్నానని ఆమె రాసిచ్చాక రసీదు యంత్రం మంజూరైంది. దాన్ని అప్పగించే సభలో షెన్ గారు ఉపన్యసించారు. "పాలు ఎవరైనా కాస్తారు. లెక్కలు కాచి వడపోసేవాళ్లు అరుదు. ఈ సోదరి ప్రతి అమ్మకాన్నీ రాస్తుంది. ప్రతి రాతకూ రసీదిస్తుంది. ఇటువంటివారు ఇంకో పదిమంది ఉంటే మా శాఖకి పనే ఉండదు." చివరి మాటకి సిబ్బంది చప్పట్లు కొట్టలేదు.

వీధి తిరిగి వచ్చింది. మాస్టారు పాలకొక రసీదు, రొట్టెకొక రసీదు, చివరికి పాలలో వేసిన చక్కెరకి విడిగా ఒక రసీదు తీసుకునేవాడు. ఇంతలో క్షౌరశాల నడిపే ఆవిడకి ఒక టీ గుడ్డు రసీదు మీద రెండు లక్షల తైవాన్ డాలర్ల బహుమతి తగిలింది. ఇక చూడండి. పక్క పేటలనుంచి జనం వచ్చి వరుస కట్టారు. యంత్రానికి అగరొత్తులు వెలిగాయి. దుకాణంలో అన్నిటికన్నా చవక గుడ్డే కనక అందరూ గుడ్డే అడిగారు.

"గుడ్డు మర్చిపోయావు బాబూ."

"ఉంచుకో పిన్నీ. డాక్టరు వద్దన్నాడు. రసీదు మాత్రం మడత పడకుండా ఇయ్యి."

వదిలేసిన గుడ్లు మళ్లీ కుండలోకి పోయేవి, మళ్లీ అమ్ముడయ్యేవి. ఉడికి ఉడికి అవి ఏటి రాళ్లలా నల్లబడ్డాయి. అబద్ధం రాయడం తెలియని బావో-చూ అమ్మినవి ఒక గడిలో, వదిలేసినవి పక్క గడిలో రాసింది. బుట్టెడు గుడ్లు కొని బండెడు గుడ్లు అమ్మిన ఆ లెక్కల్ని షెన్ గారు తనిఖీ చేసి, ఒకే గుడ్డు నుంచి ఖజానాకి ఇంత పన్ను రాబట్టిన వ్యాపారిని తన సర్వీసులో చూడలేదని అభినందన రాసి వెళ్లారు.

డబ్బుకి లోటు లేదు. పాలు తాగేవాడే లేడు. అయినా బావో-చూ రోజూ ఓ చారెడు గింజలు నానబెట్టేది.

ఒక పొద్దున బస్సు డ్రైవరు ఆ-టెంగ్ వరుసలో తన వంతు వచ్చాక, "పిన్నీ, ఒక గ్లాసు పాలు" అన్నాడు.

"పాలా? తాగడానికా?"

"మరి దేనికి? రాత్రినుంచి బండి మీదే ఉన్నాను, కడుపు కాలిపోతోంది. రసీదు వద్దులే, తొందరగా ఇయ్యి."

వరుస ఉలిక్కిపడింది. "రసీదు వద్దంటున్నాడు, వినండి" అన్నాడు మాస్టారు. "పన్నెగ్గొట్టే మొహాన్ని మొదటిసారి ఇంత దగ్గరగా చూస్తున్నాను."

బావో-చూ వరుసని నిలబెట్టి, గింజలు రుబ్బి, పాలు కాచి ఇచ్చింది. అతను రెండు గ్లాసులు తాగాడు. ఆకలితో వచ్చిన మనిషిని చూసిన సంతోషంలో ఆమె డబ్బు తీసుకోలేదు. అతను బస్సెక్కేలోపే వరుసలోంచి పన్నుల కార్యాలయానికి ఫోన్లు వెళ్లాయి. ఫిర్యాదుకి కూడా బహుమతి ఉంది మరి.

షెన్ గారు వచ్చారు. "రసీదు లేకుండా రెండు గ్లాసులు. నిజమేనా?"

"ఊరికే ఇచ్చానండీ."

"ఊరికే ఎందుకిస్తారు?"

"ఆకలన్నాడు."

ఆయన ఫారం తిరగేసి, ఆకలికి గడి లేదని విచారం వెలిబుచ్చారు. జరిమానా రాసి, యంత్రాన్ని నెల రోజులు జప్తు చేసి కారులో పెట్టించారు. వరుస చెదరలేదు. ముందున్నవాడు ముందే ఉండగా, క్రమశిక్షణగా కారు వెనకే నడిచి పన్నుల కార్యాలయం గుమ్మం ముందు నిలబడింది. అక్కడ గుడ్లు దొరుకుతాయా అని మాస్టారు వాకబు చేస్తున్నాడు.

ఆ రాత్రి బావో-చూ పెద్ద గిన్నె నిండా గింజలు నానబెట్టింది. తెల్లారేసరికి ఆ-టెంగ్ మరో ముగ్గురు డ్రైవర్లని వెంటబెట్టుకొచ్చాడు. గ్లాసులు ఖాళీ చేశారు, మళ్లీ పోయించుకున్నారు. ఇటువంటి పాలు తాగి ఎన్నాళ్లయిందో అన్నారు. ఆమె పక్కకి తిరిగి కళ్లు తుడుచుకుంది.

లేచేముందు ఆ-టెంగ్ గొంతు తగ్గించాడు. "పిన్నీ, ఇప్పుడు నీకు రసీదు గొడవ లేదు కదా. అంటే పన్ను మిగిలినట్టేగా. ఆ మేరకు తగ్గించి తీసుకోరాదూ?"

మిగతా ముగ్గురూ అది న్యాయమేనన్నారు.

ఆమె తగ్గించింది. ఆ అమ్మకం ఎక్కడా రాయలేదు.

పాఠకులు తామైతే అలా అడిగేవాళ్లం కాదంటారని మాకు తెలుసు. ఆ మాట మేం రసీదు లేకుండానే నమ్ముతున్నాం.