నూకరాజు కారుకి గిరిబాబు గారి టర్బో

"ఇన్నాళ్లూ మన వార్డు తన ఊపిరి తానే పీల్చుకుంటూ బతికింది. ఇక ఆ దుస్థితి ఉండదు. ఇకమీదట గాలిని మనమే లోపలికి తోస్తాం!"

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగు సంఘం హాల్లో, ఒక ఆదివారం ఉదయం, ఉప్మా ఇంకా రాకముందే, యువనేత గిరిబాబు గారు ఈ చారిత్రక ప్రకటన చేశారు. యువనేత అన్నది ఆయన వయసు కాదు, హోదా. మనవడు పుట్టినప్పుడు కూడా పార్టీ ఆ హోదాని వెనక్కి తీసుకోలేదు.

హాలంతా చప్పట్లు. ఏ గాలి, ఎందులోకి అని ఎవరూ అడగలేదు. మంచి ఉపన్యాసాన్ని మధ్యలో ఆపి అర్థం అడగడం మర్యాద కాదని అక్కడ అందరికీ తెలుసు. అందరికంటే గట్టిగా కొట్టినవాడు నూకరాజు. కొట్టాక తెలిసింది, గాలి తోయబోయేది తన కారులోకేనని.

నూకరాజు తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఈ స్టేషన్లో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ కాలనీలో మగాడన్నాక డ్యూటీ ఉండాలి. డ్యూటీ లేనివాడిని పలకరించడం కూడా సగం నోటితోనే. నూకరాజుకి రైల్వే ఉద్యోగం రాలేదు. పాత పెట్రోలు కారొకటి ఉంది. అందులో రైలు దిగినవాళ్లని క్వార్టర్లకి, రైలు తప్పినవాళ్లని పక్క స్టేషన్ గతౌరాకి దింపుతూ, భార్య బుజ్జమ్మతో సంసారం లాక్కొస్తున్నాడు. వార్డు ఎన్నికల్లో తను గెలిస్తే ఆ కారుని కార్పొరేషన్లో పర్మనెంట్ డ్యూటీకి పెట్టిస్తానని గిరిబాబు గారు మాటిచ్చారు. ఆ రోజు నుంచి ఆయన ఎక్కడికెళ్లినా కారు నూకరాజుది, పెట్రోలు నూకరాజుది, వెనక సీట్లో అభివృద్ధి.

గెలవాలంటే ముందు టికెట్ రావాలి. టికెట్ రావాలంటే మంత్రిగారికి కనబడాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

మంత్రిగారు చకర్‌భాటాలో విమానం దిగినప్పుడల్లా ఊళ్లోకి కాన్వాయ్ బయల్దేరుతుంది. ఆయన బండికి ఎవరి కారు ఎంత దగ్గరగా ఉంటే వాళ్లకి పార్టీలో అంత భవిష్యత్తు. బొగ్గు కాంట్రాక్టరు వేణుగోపాల్ కొత్త డీజిల్ బండిలో మంత్రిగారి వెనకే అతుక్కుని వెళ్తాడు. వార్డు టికెట్ మీద అతనూ కన్నేశాడు. నూకరాజు కారు మాత్రం టిఫ్రా ఓవర్‌బ్రిడ్జి ఎక్కేసరికి ఆయాసపడిపోతుంది. పోయినసారి దాన్ని అంబులెన్సు దాటింది, ఫైరింజను దాటింది, చివరికి కాన్వాయ్‌తో ఏ సంబంధమూ లేని పాలవ్యాను దాటుతూ హారన్ కూడా కొట్టింది. సర్క్యూట్ హౌస్ చేరేసరికి మంత్రిగారు భోంచేసి పడుకున్నారు. గిరిబాబు గారు మంత్రిగారికని తెచ్చిన దండని వాచ్‌మన్ మెడలో వేసి ఫొటో దిగి వచ్చేశారు.

అలాంటి ఆయనకి ఫోన్లో ఒక వీడియో చూస్తుంటే టర్బో గురించి జ్ఞానోదయమైంది.

"ఇంజన్ వదిలేసే పొగ ఉందే, అది ఊరికే పోతోందిరా," అని నూకరాజుకి వివరించారు. "ఆ పొగతోనే ఒక చక్రం తిప్పి, బయటి గాలిని నొక్కి ఇంజన్లోకి తోస్తారు. ఉత్త పొగ మనని ముందుకి తీసుకెళ్తుందన్నమాట!"

ఆయన రాజకీయ జీవితం చాలాకాలంగా ఈ సూత్రం మీదే నడుస్తోంది కాబట్టి వివరించడానికి ఆట్టే కష్టపడలేదు.

బుజ్జమ్మకి మాత్రం ఇది నచ్చలేదు. "ఏటయ్యా, కారుకేటైనా ఉబ్బసమా, గాలి తోయించడానికి? శుభ్రంగా నడుత్తన్న బండిని కోయించుకుంతావా?"

"నీకు తెల్దులేయే. టర్బో అంతే ఏటి? అభివృద్ధి!"

"అభివృద్ధి ఆయనది. కారు మనది."

డ్యూటీ అన్న మాట గుర్తొస్తే అతనికి బుజ్జమ్మ మాట కూడా వినబడదు.

తోర్వాలో చిరంజీవి గ్యారేజీ ఉంది. సాంకేతిక సలహాదారుగా చంద్రమౌళి గారిని వెంటబెట్టుకుని గిరిబాబు గారు అక్కడికి వెళ్లారు. చంద్రమౌళి గారు డీజిల్ లోకో షెడ్డులో సర్వీసంతా చేసి రిటైరైన పెద్దమనిషి. కాలనీలో మిక్సీ పాడైనా ఆయన్నే పిలుస్తారు.

చిరంజీవి బానెట్ ఎత్తి చూసి గడ్డం గోక్కున్నాడు. "భయ్యా, ఈ ఇంజన్ దానంతటదే గాలి పీల్చుకునే టైపు. పిస్టన్లు ఆ లెక్కకే ఉంటాయి. పైనించి గాలి తోస్తే పెట్రోలు టైముకి ముందే అంటుకుంటది. పిస్టన్లు మార్చాలి, పెట్రోలు సెట్టింగ్ మార్చాలి, గాలికి కూలర్ పెట్టాలి. ఇవన్నీ అయ్యాక, తబ్ జాకే..."

"టర్బో పెట్టడానికి ఇవన్నీ కావాలా?" అన్నారు గిరిబాబు గారు.

"పెట్టడానికి అక్కర్లేదు. పెట్టాక ఇంజన్ మిగలడానికి కావాలి."

"అయితే ముందు టర్బో పెట్టు. మిగతావి రెండో విడతలో చూద్దాం."

"గాలి ఎక్కువైపోయి ఇంజన్ చెడిపోడం నా సర్వీసులో నేను చూళ్లేదు," అన్నారు చంద్రమౌళి గారు. "మా లోకోలు ఎంత తోస్తే అంత తాగీవి."

"అంకుల్, అవి డీజిల్. ఇది పెట్రోల్ హై..."

"ఇంజన్ ఇంజనేరా అబ్బాయ్. మా లోకో హ్యాండిల్‌కి ఎనిమిది నాచ్‌లు. ఎనిమిదోది ఫుల్ పవరు. దీన్నీ ఎనిమిదో నాచ్‌లో పెట్టీ."

"పోస్టర్ మీద నీ గ్యారేజీ పేరు కూడా వేయిస్తాను," అన్నారు గిరిబాబు గారు.

"హో జాయేగా, అయిపోతది," అన్నాడు చిరంజీవి.

గాలి ఎంత గట్టిగా తోయాలన్నది పెద్ద నిర్ణయం కనుక సంఘంలో ఓటింగుకి పెట్టారు. తక్కువ చాలన్నవాడు వేణుగోపాల్ మనిషని అనుమానం వస్తుంది. అందుచేత అందరూ ఎక్కువకే చెయ్యెత్తారు. నూకరాజూ ఎత్తాడు.

టర్బో బిగించారు. మంచి మెరిసే ముక్క, నత్తగుల్ల ఆకారంలో ఉంది. దానికి పసుపు రాసి బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. ట్రయల్ రన్‌కి బయల్దేరిన కారు సన్నగా ఈల వేస్తుంటే కాలనీ అంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. నూకరాజు ఛాతీ కూడా కాస్త పొంగింది, అబద్ధమెందుకు.

"అన్నా, నొక్కితే ఎంటనే అందుకోట్లేదు. కాసేపు ఏటీ లేదు, తర్వాత ఒక్కసారే తోసేత్తంది," అన్నాడు స్టీరింగ్ గట్టిగా పట్టుకుని.

"గవర్నమెంటు కూడా అంతే కదరా. అలవాటు పడు," అన్నారు వెనక సీట్లోంచి గిరిబాబు గారు.

"లోపల టకటకమంతంది అన్నా."

"చప్పట్లనుకో."

మంత్రిగారు రానే వచ్చారు. చకర్‌భాటాలో కాన్వాయ్ బయల్దేరింది. అలవాటు ప్రకారం నూకరాజు కారు అన్నింటికంటే వెనక. ఓవర్‌బ్రిడ్జి ఎత్తు మొదలవగానే గిరిబాబు గారు ముందుకి వంగి, "ఇప్పుడు నొక్కు!" అన్నారు. నూకరాజు నొక్కాడు. ఏమీ జరగలేదు. అద్దంలో ఆ పాలవ్యానే మళ్లీ కనబడింది. నూకరాజు కళ్లు మూసుకుని ఇంకా నొక్కాడు.

అప్పుడు లేచింది టర్బో. ఈలేసుకుంటూ ఫైరింజన్ని దాటింది, అంబులెన్సుని దాటింది. వేణుగోపాల్ బండిని దాటుతున్నప్పుడు గిరిబాబు గారు కిటికీలోంచి తల బయటపెట్టి తీరిగ్గా నమస్కారం కూడా చేశారు. మంత్రిగారి బండిని దాటింది, పైలట్ జీపుని దాటింది. రైల్వే కాలనీ చరిత్రలో కాన్వాయ్‌కి ముందు నిలిచిన తొలి నాయకుడు గిరిబాబు గారే. ఆ వైభవం బ్రిడ్జి నడినెత్తిదాకా సాగింది. అక్కడ లోపలి చప్పట్లు మిన్నుముట్టి, ఢామ్మని ఒక చప్పుడయ్యాక మొత్తంగా ఆగిపోయాయి. కారు రోడ్డుకి అడ్డంగా తిరిగి నిలబడిపోయింది. చుట్టూ తెల్లటి పొగ.

వెనక కాన్వాయంతా కీచుమంటూ ఆగింది. నూకరాజు దిగి బానెట్ ఎత్తాడు. ఇంజన్ పక్కన చిల్లుపడి, నల్లటి ఆయిలు రోడ్డు మీదికి కారుతోంది. ఇంతకాలం తన పొయ్యి వెలిగించిన ఇంజన్ అది. నూకరాజుకి దుఃఖం ఆగలేదు. పోలీసులున్నారని కూడా చూడకుండా అక్కడే చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

దారి లేక మంత్రిగారు బండి దిగారు. పొగలోంచి గిరిబాబు గారు దండతో ప్రత్యక్షమయ్యారు.

"టర్బో, సాబ్! ఆప్‌కే స్వాగత్ మే!"

మంత్రిగారు పొగని చూశారు, బొట్టు పెట్టిన టర్బోని చూశారు, నేలమీదున్న మనిషిని చూశారు. "యే క్యోఁ రో రహా హై?" అన్నారు, ఈ ఏడుపెందుకో తెలియక.

"ఖుషీ సే, సాబ్."

మంత్రిగారి మనసు కరిగింది. తనని చూసిన ఆనందంతో ఇంతగా ఏడ్చినవాడు ఆయనకి ఇంతవరకు తగల్లేదు. నూకరాజు భుజం మీద చెయ్యి వేశారు, కెమెరాలు మెరిశాయి. దారి తియ్యాలి కనుక అందరూ కలిసి కారుని పక్కకి తోశారు. మంత్రిగారు కూడా డిక్కీ మీద అరచెయ్యి ఆనించి, ఫొటో పూర్తయ్యేదాకా ఉంచారు. మర్నాడు పేపర్లలో మొదటి పేజీ వార్త: 'అభివృద్ధి రథాన్ని స్వహస్తాలతో ముందుకి నడిపిన మంత్రి'. ఆ వారంలోనే టికెట్ గిరిబాబు గారికి ఖాయమైంది.

నూకరాజు చంద్రమౌళి గారి ఇంటికి వెళ్లి, చచ్చిన ఇంజన్ని బతికించే ఉపాయం చెప్పమన్నాడు.

"నన్నడిగితే ఏటి చెప్పగలనురా?" అన్నారాయన నొచ్చుకుని. "షెడ్డులో నేను చేసింది టైమాఫీసులో కదా. హాజరు చూసీవోణ్ణి."

బుజ్జమ్మ తిన్నగా గిరిబాబు గారి ముందుకే వెళ్లి నిలబడింది. "బండి ఎప్పుడు బాగుచేయిత్తారు బాబూ?"

"అమ్మా, అదింక బండి కాదు," అన్నారు గిరిబాబు గారు. "మంత్రిగారి చెయ్యి పడ్డ రథం. ఏ మెకానిక్కో దాన్ని మళ్లీ ముట్టుకుంటే ప్రజలు ఊరుకుంటారా? నీ భర్త సంగతి అంటావా, అతనికి పర్మనెంట్ డ్యూటీ ఇచ్చేశాను. రేపే రిపోర్ట్ చెయ్యమను."

ఆ రాత్రి నూకరాజు చాలారోజుల తర్వాత నిద్రపోయాడు. తెల్లారి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తండ్రి వాడిన టిఫిన్ క్యారియర్‌ని బుజ్జమ్మ తోమి చేతికివ్వబోయేసరికే వెళ్లిపోయాడు. మొదటిరోజు లేటవకూడదని తొందర. ఇరుగుపొరుగులు "డ్యూటీకా?" అని నిండుగా పలకరించారు.

మధ్యాహ్నం బుజ్జమ్మ క్యారియర్ పట్టుకుని బుధవారీ బజారుకి వెళ్లింది. ప్రచార రథం అక్కడే ఉంది. కారుకి పార్టీ రంగులేశారు. డిక్కీ మీద మంత్రిగారి చెయ్యి పడ్డచోట గాజుపలక బిగించారు. మైకులో టర్బో ఈల రికార్డు మోగుతోంది. గిరిబాబు గారు వెనక సీట్లోంచి దండాలు పెడుతున్నారు. జనం టర్బోని చూపించమని గోల చేస్తే, చూసి తరించండని బానెట్ ఎత్తించారు. టర్బోకి కొత్త పూలదండ వేసి ఉంది. దాని చుట్టూ కరపత్రాల కట్టలు, బ్యానర్ల చుట్టలు, కార్యకర్తల ఉప్మా గిన్నె నీటుగా సర్ది ఉన్నాయి.

బుజ్జమ్మ వంగి లోపలికంటా చూసింది. "ఇంజనేదయ్యా?"

నూకరాజు కారు వెనక ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. "తీయించీసినారు. బరువు ఎక్కువైపోయి తోయలేకపోతన్నామని."

బుజ్జమ్మ అతని ముఖం చూసింది. క్యారియర్ కారు మీద పెట్టి, కొంగు నడుముకి దోపుకుని, గాజుపలకకి తగలకుండా పక్కగా చేతులు ఆనించింది. ఇద్దరూ కలిసి తోశారు. ఎప్పుడూ లేనిది కారు చురుగ్గా కదిలింది.

కిటికీలోంచి గిరిబాబు గారి తల బయటికొచ్చింది.

"ఒరే నూకరాజూ, స్లో, స్లో! ఇంత స్పీడెందుకురా, జనానికి నేను కనపడొద్దూ?"