ఖాళీ గడి లేని నీళ్ల పట్టిక

జూన్ ఒకటో తేదీ నుంచి ఎర్లెన్‌హోఫ్ వృద్ధాశ్రమంలో దాహం రద్దయింది. దాహమైనప్పుడు నీళ్లు తాగడం క్రమశిక్షణ లేని పద్ధతి అని యాజమాన్యం తేల్చింది. ఇకమీదట ఆశ్రమవాసులందరూ ఉదయం ఏడు మొదలు సాయంత్రం ఏడు దాకా గడియారం చెప్పినట్టు రెండు లీటర్లు తాగుతారు. తాగిన ప్రతి గ్లాసూ పట్టికలో ఒక గడిలోకి నీలం సిరాతో ఎక్కుతుంది.

దీనికి బలమైన కారణమే ఉంది. కిందటేడు తనిఖీకి వచ్చిన అధికారులకు పట్టికల్లో మూడు ఖాళీ గళ్లు కనబడ్డాయి. ఆ ఏడాది ఆశ్రమంలో పదకొండుమంది పోయారు. దాని గురించి ఎవరూ అడగలేదు, వయసైపోయింది గనక. ఖాళీ గడికి ఆ సాకు చెల్లదు.

ఓటిలీ బ్రాండ్‌హోర్స్ట్‌కు ఎనభై రెండేళ్లు. ముప్పై ఏడేళ్లు రైల్వే సిగ్నల్ క్యాబిన్‌లో మీటలు లాగింది. ఆమె చేతి కింద ఒక్క రైలూ ఇంకో రైలును గుద్దలేదు. శనివారం మధ్యాహ్నం స్కాట్ పేకాటకు కూర్చుంటే, ఎవరి చేతిలో ఏ ముక్క ఉందో నాలుగు చుట్లు తిరిగేసరికి చెప్పేస్తుంది. భర్త పోయాడు, ఇల్లు పోయింది, చూపు సగం పోయింది. మిగిలిన ఆస్తి ఆ బుర్ర ఒక్కటే.

గుండె కాస్త నీరసం. అందుకని డాక్టరు ఉత్తరం రాసిచ్చాడు: సూపుతో, కాఫీతో కలిపి రోజుకు లీటరుంబావు మించరాదు. మించితే కాళ్లకు నీరు దిగుతుంది, రక్తంలో ఉప్పు పలచబడుతుంది, తల పనిచేయదు.

ఆ ఉత్తరం ఆకుపచ్చ ఫైలులో భద్రంగా ఉంది. నీళ్ల పట్టిక పసుపుపచ్చ ఫైలులో ఉంది. ఆకుపచ్చది వైద్య విభాగానిది, పసుపుపచ్చది నాణ్యతా విభాగానిది. ఒకరి ఫైలులోకి ఇంకొకరు తొంగిచూడడం సభ్యత కాదు.

ఓటిలీ డైరెక్టరు జిబిలె టీడెమన్ గదికి వెళ్లి మొరపెట్టుకుంది.

"చూడండి బ్రాండ్‌హోర్స్ట్ గారూ," అంది డైరెక్టరు, "డాక్టరు మిమ్మల్ని మూడు నెలలకోసారి చూస్తాడు. పట్టిక గంటగంటకీ చూస్తుంది. మీ మీద ప్రేమ ఎవరికెక్కువో మీరే చెప్పండి."

"పట్టికలో 'ఎక్కువైంది' అని రాసుకునే గడి లేదేమండీ?"

"ఎక్కువైందని ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చేయలేదు కదా."

ఎక్కువైనవాళ్లు ఫిర్యాదు చేసే స్థితిలో ఉండరు. అది పట్టిక పరిధిలోకి రాదు.

ఓటిలీ గొడవపడే మనిషి కాదు. నడవాలో కిటికీ పక్కన నిలువెత్తు రబ్బరు మొక్క ఉంది. పరిచారిక వీబ్కె కార్స్‌టెన్స్ గ్లాసు చేతికిచ్చి పక్కగదికి వెళ్లగానే, ఓటిలీ సగం తాగి సగం మొక్కకు పోసేది. మూడు వారాలకు మొక్క ఆకులు రాల్చి చచ్చిపోయింది.

యాజమాన్యం కదిలిపోయింది. పట్నం నుంచి తోట నిపుణుణ్ని పిలిపించారు. ఆయన మట్టి తవ్వి, వాసన చూసి, "వేళ్లు కుళ్లాయి. అవసరం ఉందో లేదో చూడకుండా నీళ్లు పోసి చంపేశారు," అని నివేదిక ఇచ్చాడు. నివేదిక ఆ రోజే అమల్లోకి వచ్చింది. కొత్త మొక్క తెచ్చి దానికొక బోర్డు తగిలించారు: "వారానికి ఒక్క గ్లాసు. అనుమతి లేకుండా నీళ్లు పోయరాదు."

ఓటిలీ ఆ బోర్డు రెండుసార్లు చదివింది. "వీబ్కె గారూ, ఇలాంటిది నా మెళ్లో కూడా ఒకటి వేయకూడదా?"

"భలేవారే! అది మొక్కండీ. నోరు లేదు పాపం, వద్దని చెప్పుకోలేదు."

"నాకు నోరుంది. మూడు వారాలుగా వద్దనే అంటున్నాను."

"అందుకే కదండీ మీకు బోర్డు అక్కర్లేదు!" అని వీబ్కె నవ్వుతూ గ్లాసు అందించింది. మొక్క పోయిన నాటి నుంచి ఆమె గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడుతోంది.

జూలై మొదటికి ఓటిలీ కాళ్లు బూట్లలో పట్టలేదు. రెండో వారానికి తలనొప్పి పట్టుకుంది. ఆ శనివారం పేకాటలో, ఎదురుగా కూర్చున్న మాజీ కసాయి హెన్నింగ్ లోజె ఆమెను వింతగా చూశాడు. పదిహేనేళ్లుగా ఆడుతున్నా ఇద్దరిదీ ఇంకా "మీరు" దగ్గరే ఉన్న స్నేహం.

"ఏమండోయ్, కళావరు జాకీ పడి రెండు చుట్లయింది. ఇంకా దేనికోసం కాచుకున్నారు?"

"పడిందా?"

"బాగుంది! ఆ మాట అడగడం నా వంతు కదా. నా వంతు కూడా మీరే లాక్కుంటే నేనేం చేయను?"

ఓటిలీ కిటికీలోంచి చూస్తూ, "ఐదున్నర బండికి దారి ఇచ్చామా?" అంది.

హెన్నింగ్ చేతిలో గెలిచే ముక్కలున్నాయి. అయినా బల్ల మీద పడేసి వీబ్కెను కేకేశాడు. వీబ్కె పరుగున వచ్చి, పట్టిక వెనకవైపు సూచనలు చదివింది. తలనొప్పి, తికమక: నీరు చాలడం లేదన్న లక్షణాలు. వెంటనే రెండు గ్లాసులు ఇవ్వవలెను. ఇచ్చింది. రెండు గళ్లూ నింపింది. సిరా ఆరకముందే ఓటిలీ మూర్ఛ వచ్చి కుర్చీలోంచి జారిపోయింది.

ఆసుపత్రిలో నీళ్లు ఆపి ఉప్పు ఎక్కించారు. అక్కడ ఐదు రోజులూ ఆమెకు నీళ్లు కొలతే. నాలుగో రోజు హెన్నింగ్ పేకముక్కలు పట్టుకుని వచ్చాడు. మొదటి ఆటే ఓడిపోయి, "దేవుడా, బతికించావు," అన్నాడు. ఆట గురించి కాదు.

ఓటిలీ తిరిగి వచ్చేసరికి తోటలో వేడుక జరుగుతోంది. తనిఖీ పూర్తయింది. ఆశ్రమానికి బంగారు పతకం వచ్చింది. డైరెక్టరు మైకు ముందు గొంతు సవరించుకుని, "అందరిలోకీ ఆదర్శప్రాయమైన పట్టిక మన బ్రాండ్‌హోర్స్ట్ గారిది! జూన్ ఒకటి నుంచి ఇవాళ్టి దాకా ఒక్క గడి ఖాళీ లేదు!" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. అద్దం కట్టిన పట్టికను ఓటిలీ ఒళ్లో పెట్టారు.

ఆమె కళ్లజోడు సర్దుకుని తేదీల వెంట వేలు పోనిచ్చింది. ఆసుపత్రిలో ఉన్న ఐదు రోజులూ రోజుకు రెండు లీటర్లు, నీలం సిరాతో, గంటగంటకీ.

"వీబ్కె గారూ, నేను లేకపోయినా పట్టిక తనంతట తానే తాగగలదని ముందే చెప్పకపోయారా? ఆసుపత్రికి పోయే పని తప్పేదిగా!"

వీబ్కె నొచ్చుకుంది. "అదేం మాటండీ! మనిషి కళ్లెదుట ఉండగా తాగకుండానే తాగినట్టు రాస్తామా? మాకూ ఒక నీతి ఉంది."